పత్తి కమురు వాసన

చిలకలూరిపేటలో మేం కాపురమున్న ఇల్లు జిన్నింగు మిల్లు ప్రహరీగోడకు ఆనుకుని ఉండేది. గోడకు అవతల పత్తిలోంచి గింజ వేరుచేసే మిషన్లు, ఇవతల మా వంటిల్లు. మా ఆయన ఆ మిల్లులోనే గుమాస్తా. ఇల్లు కూడా మిల్లు వాళ్లు ఇచ్చిందే. ఇల్లు మారమని సలహా చెప్పిన ప్రతివాళ్లకీ నేను ఒకటే చెప్పేదాన్ని, "ఇంకో ఉద్యోగం చూపించండి, రేపే మారతాం" అని. దాంతో సలహాలు ఆగిపోయేవి. నాకు నోరెక్కువని మా అత్తయ్యగారు అంటుండేవారు. ఆవిడకూ తక్కువేం కాదు.

దీపావళి దాటి పత్తి లారీలు రావడం మొదలైతే ఇక మా ఇంట్లో అన్నిటిమీదా పత్తి నూగే. ఆరేసిన బట్టల మీద, దోమతెర మీద, పెరుగు గిన్నె మూత మీద తెల్లగా, మెత్తగా పరుచుకునేది. వేలితో తీస్తే రాదు, ఊదితే ఇంకోచోట వాలుతుంది. ఆ సీజను సద్దుమణిగేలోపు మిరపకాయల రోజులు వచ్చేవి. ప్రత్తిపాడు దగ్గర మా పుట్టింటి నుంచి ఏటా ఒక బస్తా వచ్చేది. వాటిని ఎండబెట్టడం, తొడిమలు తీయడం, కారం పట్టించడం. ఏడాదిలో సగం రోజులు మా ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్లం. అది మాకు పెద్ద విషయంలా అనిపించేది కాదు.

కొత్త శతాబ్దం వచ్చిన తొలి ఏళ్లలో, మా పాపకు ఐదో ఏడు నడుస్తుండగా, విషయం పెద్దదైంది. పత్తి సీజను మొదలవగానే పిల్లకు దగ్గు పట్టుకుంది. తర్వాత ఆయాసం. గుండెల్లో పిల్లికూతలు. పరుపు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, మెడ ముందుకు చాచి ఊపిరి లాగుతుంటే వీపు రాస్తూ పక్కనే కూర్చునేదాన్ని. గుంటూరు తీసుకెళ్లి చూపించాం. డాక్టరుగారు మందులు రాశారు. పీల్చే మందు ఎలా వాడాలో దగ్గరుండి నేర్పించారు. "మందు ఒక్కటే చాలదమ్మా, దుమ్ము తగలనివ్వకూడదు. మీరు చీపురుతో ఊడిస్తే దుమ్ము ఎక్కడికీ పోదు, లేచి మళ్లీ అక్కడే పడుతుంది" అన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్యగారు తేల్చేశారు.

"సీజను అయిందాకా పిల్లని బాపట్ల పంపిద్దాం. మా అమ్మాయి చూసుకుంటది. అక్కడ మిల్లూ లేదు, మిరపకాయా లేదు. సముద్రపు గాలి."

బాపట్లలో ఉన్నది మా ఆడపడుచు, మా ఆయన చెల్లెలు. పెళ్లై చాలా ఏళ్లైనా పిల్లల్లేరు. మా పాపంటే ప్రాణం పెట్టేది. పిల్లకు తలంటితే కళ్లలో ఒక్క చుక్క సబ్బు పడనిచ్చేది కాదు. ఆమె మంచిది. నా భయమంతా అదే. గయ్యాళి అయితే పిల్ల రెండు రోజులకే అమ్మ కావాలని ఏడ్చి తిరిగొస్తుంది. ఈమె దగ్గరికి వెళ్తే ఏడవదు. ఒక సీజను రెండవుతుంది, బడి మారిస్తే బాగుండదంటారు, ఆపైన నేను బాపట్ల వెళ్లి నా కూతుర్ని చూసి రావలసిన చుట్టాన్నవుతాను. ఇదంతా ఎవరూ పైకి అనలేదు. నాకు మాత్రం కళ్లకు కట్టినట్టు కనపడింది.

"పంపను" అన్నాను.

"దుమ్మెట్టా ఆపుతావు మరి? గోడ కడతావా ఆకాశం దాకా?"

సరిగ్గా ఆ వారంలోనే మెడకు టై కట్టుకున్న కంపెనీ మనిషి ఒకాయన మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. పైపు మూతికి తెల్లగుడ్డ చుట్టి, శుభ్రంగా దులిపానని నేననుకున్న మా పరుపు మీద లాగి చూపించాడు. గుడ్డ మీద గుప్పెడు దుమ్ము. నా పరువు పోయినందుకు సిగ్గుపడాలో, దారి దొరికినందుకు సంతోషించాలో తెలియలేదు. గాజులు చేయించుకోమని మా నాన్న ఇచ్చిన డబ్బుతో ఆ వాక్యూమ్ క్లీనరు కొన్నాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయనకు పెళ్లైన కొత్తలోనే అర్థమైంది.

అత్తయ్యగారు దాన్ని గాలి మిషను అనేవారు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి, దించి, చివరికి ఒక షరతు పెట్టారు.

"క్రిస్మస్ సెలవుల దాకా చూద్దాం. అప్పటికీ పిల్ల పిల్లికూతలు మానకపోతే సెలవుల్లో తీసుకెళ్లి అక్కడే బళ్లో వేద్దాం. సరేనా?"

సరే అన్నాను. అనక తప్పదు. పిల్ల ఊపిరి విషయంలో పంతం ఒక్కటే సరిపోదని నాకూ తెలుసు.

మొదట్లో మిషను బంగారంలా పనిచేసింది. పరుపులు, కిటికీ చువ్వలు, బీరువా కింద, మంచం కింద, ఎక్కడ పెడితే అక్కడ నూగు గుటుక్కున మింగేది. దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. పాప దగ్గు తగ్గింది. పీల్చే మందు తరచుగా తీయాల్సిన అవసరం పోయింది. నేను తల ఎగరేసుకుని తిరుగుతున్నాను.

అప్పుడు ఒక పొరపాటు పని జరిగింది. వంటింటి పక్క కొట్టుగదిలో కిందటేడు మిరపకాయల బస్తా అడుగున గింజలు, తొక్కలు, సన్నని కారప్పొడి మిగిలి ఉన్నాయి. బస్తా తీసేసి ఆ మూలంతా మిషనుతో లాగేశాను. ముందు నుంచి అన్నీ చక్కగా పోయాయి. వెనక నుంచి మిషను వదిలే గాలిలో కారం పొగలా సన్నబడి ఇల్లంతా కమ్ముకుంది. నేనూ అత్తయ్యగారూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాం. పాప ఆ సాయంత్రమంతా ఎగశ్వాసతో కూర్చుంది.

"అది ముందు పీలుత్తంది, వెనకమాల ఊదుతంది. నువ్వు చూడలా?" అన్నారు అత్తయ్యగారు.

"వెనక వచ్చేది గాలండీ. దుమ్ము సంచిలోనే ఆగుద్ది. కారం సన్నం కాబట్టి దాటింది, అంతే. ఇంక కారం జోలికి పోను" అన్నాను.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నారనుకున్నాను. ఆవిడతో అన్నేళ్లు కాపురం చేసి కూడా అలా ఎలా అనుకున్నానో.

తర్వాత కొద్ది రోజులకే మిషను మందగించింది. నూగు కూడా ఒకచోట పదిసార్లు రుద్దితే గానీ లోపలికి పోయేది కాదు. సంచి దులిపాను. కాస్త బాగుపడినట్టు అనిపించి మళ్లీ మామూలే. పైపులో అడ్డం పడిందేమోనని విప్పి కర్రతో పొడిస్తే నాలుగు మిరప తొడిమలు, నా తలపిన్ను ఒకటి బయటపడ్డాయి. అమ్మయ్య అనుకున్నాను. పిన్ను దొరికింది గానీ మిషను దారిన పడలేదు. మోటారు చప్పుడు మాత్రం మునుపటికంటే పెరిగి కీచుమని అరిచేది.

అదే రోజుల్లో వాసన మొదలైంది.

పత్తి కాలే వాసన మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పత్తిలో నిప్పు వెంటనే మంటగా కనపడదు. గుట్ట లోపల్లోపల కమిలి, ఏ పూటకో పైకి లేస్తుంది. అప్పటికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అందుకని కమురు వాసన తగిలితే చాలు, తింటున్న కంచం వదిలేసి మగవాళ్లంతా మిల్లు యార్డులోకి పరుగెత్తేవాళ్లు. ఎక్కడ, ఏమిటి అని అడగడం తర్వాతి సంగతి. ఆడవాళ్లం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు వైపు నడిచేవాళ్లం.

ఒక సాయంత్రం నేను ముందుగది శుభ్రం చేస్తుంటే మా ఆయన అప్పుడే ఇంటికొచ్చి, చెప్పు విడుస్తూ ముక్కు ఎగబీల్చారు.

"ఏమే, పత్తి కాలతంది. పిల్లని తీసుకుని బయటికి రా" అని వచ్చిన కాళ్లతోనే పరుగు.

నేను స్విచ్చి కట్టేసి, పాపనెత్తుకుని బయటపడ్డాను. యార్డులో మనుషులు ఇసుక బకెట్లు, నీళ్ల బిందెలు పట్టుకుని గుట్ట గుట్టా చేతులు దూర్చి చూశారు. ఎక్కడా వేడి లేదు. అందరూ తిరిగొచ్చారు. ఇంట్లోనూ వాసన లేదు. గాలివాటున ఎక్కడి నుంచో వచ్చి ఉంటుందనుకున్నాం.

నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. ఈసారి మిల్లు సూపర్వైజరు విసుక్కున్నాడట. "ఏందయ్యా, ఊరు మొత్తంలో మీ ఇంటి ముక్కులకే తగులుద్దా ఈ వాసన?" అని. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి, తన ముక్కునే తాను అనుమానించడం మొదలుపెట్టారు.

మూడోసారికి ఆయన పని మీద గుంటూరు వెళ్లి ఉన్నారు. వాసన రాగానే నేనే పాపను తీసుకుని యార్డు గేటు దాకా పోయి వాచ్‌మనుతో చెప్పాను. అతను చూడ్డానికి వెళ్లాడు. నేను అక్కడే నిలబడి గాలి పీల్చాను. పచ్చి పత్తి వాసన, గింజల నూనె వాసన, లారీ డీజిలు వాసన. కమురు లేదు. తిరిగి ఇంటికొచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి సన్నగా ఉంది. పత్తి గుట్ట దగ్గర లేని వాసన పత్తి లేని మా ముందుగదిలో ఉంది. మిషను మీద చెయ్యి వేశాను. ఇస్త్రీపెట్టెలా కాలింది.

అన్ని రోజులూ మేం ఎంత తెలివిగా మోసపోయామో అప్పుడు తెలిసింది. వాసన రాగానే పరుగెత్తాలి కాబట్టి మిషను కట్టేసేవాళ్లం. కట్టేస్తే వాసన పోయేది. పోతే గుట్టలో ఏమీ లేదని స్థిమితపడేవాళ్లం. ఇంకో ఊళ్లో అయితే మొదటిరోజే మిషను వాసన చూసేవాళ్లు. మిల్లు పక్కన బతికేవాళ్లకు పత్తి కాలితే అది మిల్లులోనే కాలాలి.

కంపెనీ మనిషి ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే కొట్టుకు రిక్షాలో వేసుకుని వెళ్లాను. ఆయన బోరు మోటార్లకు పేరున్న మనిషి. మిషను ఒకసారి తిప్పి, వాసన చూసి, కట్టేశాడు.

"వైండింగ్ పోయిందమ్మా. ఈ వోల్టేజీకి ఏ మోటారైనా ఎన్నాళ్లుంటది? వదిలేసి పోండి, మళ్లీ చుట్టిస్తా."

"విప్పి చూడకుండానే?"

"చూసేదేముందమ్మా, వాసన చెప్పట్లా?"

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది నాకు. "మా పుట్టింట్లో బోరు మోటారు ఏడాదికోసారి కాలిపోయేదండి. వైండింగ్ కాలితే లక్క కాలినట్టు ముక్కు మండిపోద్ది. ఇది ఆ వాసన కాదు. ఇది పత్తి" అన్నాను.

ఆయన నవ్వాడు. "మిల్లు పక్కన ఉంటారేమో, మీకన్నీ పత్తి వాసనే వస్తయ్."

అతను నిజం చెప్పి ఉండవచ్చు. కానీ వైండింగ్ కాలిన మోటారు మూలుగుతుంది, ఆగిపోతుంది. నా మిషను ఆగలేదు. గొంతు చించుకుని అరుస్తోంది. ఒకసారి విప్పి రాగి తీగ తెంపాడంటే ఇక వెనక్కి రాదు. మళ్లీ రిక్షా ఎక్కించుకుని ఇంటికి తెచ్చేశాను. "పోనీ చుట్టించి చూద్దామే" అని మా ఆయన అన్నారు. "తెలియకుండా తెంపనివ్వను" అన్నాను.

సెలవులు దగ్గరికొస్తున్నాయి. మిషను వేసే ధైర్యం లేక నేను తడిగుడ్డ పట్టుకుని రోజంతా నేల మీద, గోడల మీద పాకుతున్నాను. గుడ్డతో తుడిస్తే నేల శుభ్రపడుతుంది, పరుపులు పడవు. పాపకు పిల్లికూతలు మళ్లీ వచ్చాయి. బాపట్ల నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది.

"వదినా, బళ్లో మాట్లాడా. ఎప్పుడు తీసుకొచ్చినా చేర్చుకుంటామన్నారు. పాప ఒక్కతే పడుకుంటదా, పక్కన మనిషి ఉండాలా?"

"పక్కన ఉండాలి" అన్నాను. ఫోను పెట్టేశాక వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను, రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం పాపను పక్కింటికి ఆడుకోవడానికి పంపి, వరండాలో పాత దుప్పటి పరిచి, మిషను దాని మీద పెట్టాను. ఈసారి తోచిందల్లా కెలకకూడదనుకున్నాను. గాలి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, ఆ దారి వెంబడే పోవాలి. ముందు పైపు ఊడదీసి అందులో పాప గోలీ ఒకటి జారవిడిచాను. గలగలమంటూ అవతల వచ్చి పడింది. పైపులో ఏమీ లేదు. పైపు లేకుండా మిషను వేసి, దాని నోటికి అరచెయ్యి ఆనించాను. చెయ్యిని పట్టుకుని గుంజాల్సింది, ముద్దుపెట్టినట్టు తాకి ఊరుకుంది. అంటే జబ్బు లోపల ఉంది.

సంచి తీసి తిరగేసి, పాత టూత్ బ్రష్షుతో నేత సందుల్లో పట్టిన నూగంతా గీకాను. సంచి వెనక, మోటారుకు ముందు, ఒక చిన్న జల్లెడ గుడ్డ ఉంది. దాన్ని ఉతికి ఎండలో గట్టిగా ఆరబెట్టి మళ్లీ తొడిగాను. వేసి చూశాను. అదే కీచు, అదే నీరసం, కాసేపటికి అదే కమురు. నాకు దాన్ని ఎత్తి పెరట్లో విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. కూర్చున్నాను.

లోపలికి పోయే దారి మొత్తం బాగుంది. మరి ఎందుకు పీల్చదు? గుంటూరు డాక్టరుగారు మొదటిరోజు చెప్పిన మాట గుర్తొచ్చింది. పాప ఊపిరి లాగలేకపోతోందని నేనంటే, "లాగలేక కాదమ్మా, ఆయాసంలో గాలి బయటికి వదల్లేరు. పాతది బయటికి పోతే కదా కొత్తది లోపలికి వచ్చేది" అన్నారు. ఆ వేళ కంగారులో సగమే విన్నాను. ఇప్పుడు మిషనును పట్టుకుని గిరుక్కున వెనక్కి తిప్పాను.

వెనక గాలి వదిలేచోట చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంది. అది ఊడుతుందని కంపెనీ మనిషి చెప్పలేదు, నేనెప్పుడూ ఊడదీయలేదు. చెంచా కాడతో అంచు పైకెత్తితే టక్కున వచ్చింది. దాని వెనక స్పాంజీ ఉండాల్సిన చోట పత్తి. ఎక్కడి నుంచో వచ్చి పేరుకున్న నూగు కాదు. గింజ, నలక లేకుండా చేత్తో ఏరి, పొరలు పొరలుగా పరిచి, పల్చని మల్లుగుడ్డలో పెట్టి, చుట్టూ కుట్టువేసి, జాలీ కొలతకు సరిగ్గా కత్తిరించిన మెత్త. మెత్తంతా దుమ్ము పట్టి అట్టలా గట్టిపడింది. మోటారు వైపు తిప్పితే గోధుమరంగు తిరిగి, నడుమ నల్లగా కమిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన.

ఆ కుట్టు నాకు తెలుసు. మా ఇంట్లో దిండ్లన్నిటికీ అదే కుట్టు.

అత్తయ్యగారు పెరట్లో వత్తులు చేసుకుంటున్నారు. మెత్త తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను.

"ఇదెవరు పెట్టారండీ?"

"నేనే పెట్టా" అన్నారు, తలెత్తకుండా. "వెనకమాల నుంచి కారం ఊదితే పిల్ల ఆ రోజు ఎట్టా అల్లాడిందో మర్చిపోయావా? ఆ స్పాంజీ ముక్క దేన్ని ఆపుద్ది? పత్తికి మించిన జల్లెడ ఉందా లోకంలో? పుండు మీద పత్తే, చెవిలో పత్తే, మందు వడగట్టినా పత్తే. దుమ్ము ఆగిందా లేదా, అది చెప్పు."

"ఆగింది. దుమ్ముతోపాటు గాలీ ఆగింది. ఇటు తిప్పి చూడండి. ఇల్లు తగలబడేది."

ఆవిడ తిప్పి చూశారు. కమిలిన చోట వేలితో రాశారు. వేలికి మసి అంటింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు దాన్ని ఎవర్నైనా ముట్టుకోనిస్తివా? చెప్తే ఒద్దనేదానివి" అన్నారు. మసి అంటిన వేలు కొంగుకు తుడుచుకుంటూ, "పిల్లకి దుమ్ము తగలకూడదనే పెట్టా, అమ్మాయ్" అన్నారు.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. పిల్లను పంపించెయ్యాలని ఆవిడ నా మిషనును ఎప్పుడెప్పుడు ఓడిద్దామా అని చూస్తున్నారని నేను లోలోపల అనుకుంటూ వచ్చాను. ఓడించాలనుకునే మనిషి ఇంత ఓపిగ్గా పత్తి ఏరి కుట్టుపెట్టదు. ఆవిడా నా పక్షానే నిలబడి ఉన్నారు, నాకు కనపడని వైపు.

"స్పాంజీ ఏం చేశారు?"

"పారెయ్యలా. దాచా" అని లేచి వెళ్లి, తన చీరల మధ్య నుంచి కవరులో చుట్టిన స్పాంజీ తెచ్చిచ్చారు.

దాన్ని ఉతికి, పూర్తిగా ఆరాక తొడిగి, స్విచ్చి వేశాను. ఇన్నాళ్ల వేడికి మోటారు నిజంగానే పోయి ఉంటే? కీచు రాలేదు. మొదట్లోలా గంభీరంగా తిరిగింది. నోటికి అరచెయ్యి పెడితే పట్టుకుని వదల్లేదు. కమురు కాసేపు ఉండి, తర్వాత పోయింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "మరి వెనక గాలి?" అన్నారు.

ఆవిడ ప్రశ్న న్యాయమైంది. స్పాంజీ దాటి సన్నదుమ్ము కాస్తైనా వస్తోంది, ఎండలో పెట్టి చూస్తే కనపడుతోంది. ఆ సాయంత్రమంతా ఇద్దరం ఆ మిషను చుట్టూ కూర్చుని వాదించుకున్నాం. చివరికి "దాన్ని గదిలోనే పెట్టాలని ఎవరన్నారు?" అన్నారావిడ. నిజమే, ఎవరూ అనలేదు. మిషనును వరండాలో, వెనక భాగం వీధి వైపు తిప్పి పెట్టాం. పైపుకు ఇంకో పైపు అతికించి కిటికీలోంచి గదిలోకి తెచ్చుకున్నాం. పీల్చేది లోపల, ఊదేది బయట. పొడుగు పైపు వల్ల కొంత బలం తగ్గింది, కాబట్టి నెమ్మదిగా లాగాలి. లాగాను. పరుపులు, దిండ్లు, అటకలు, ప్రతిరోజూ, పాప బడికి వెళ్లగానే. పెరట్లో మిరపకాయల పని ఆ ఏడు వద్దని మా పుట్టింటికి కబురు పెట్టించారు అత్తయ్యగారు. ఆవిడ నోటి నుంచి వచ్చిన ఆ మాటకు మా ఆయన తింటున్న ముద్ద ఆపి ఆవిడ వంక చూశారు.

సెలవులకు ముందు మిల్లు జోరుమీద ఉంది. గోడ అవతల లారీలు వరసకట్టాయి. నూగు మంచులా పడుతోంది. ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. అత్తయ్యగారు రోజూ పొద్దున్నే, పాప లేవకముందే, పక్కన కూర్చుని పిల్ల వీపుకు చెవి ఆనించి వినేవారు. విని, ఏమీ చెప్పకుండా లేచి కాఫీ పెట్టుకునేవారు. నేను అడిగేదాన్ని కాదు. అడిగితే ఏమంటారోనని భయం.

సెలవులిచ్చిన రోజు పొద్దున ఆవిడ మామూలుకంటే ఎక్కువసేపు విన్నారు. చెవి మార్చి ఇంకోవైపు విన్నారు. తర్వాత లేచి, కాఫీ జోలికి పోకుండా, నేరుగా ముందుగదిలో ఫోను దగ్గరికి వెళ్లి బాపట్ల నంబరు కలిపారు. నేను గదులు శుభ్రం చేయడానికి పైపు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"అమ్మాయ్, నేనే. పాప రాదే" అన్నారు. "ఆ. ఇక్కడే చదువుద్ది. ఊపిరి బాగుంది, నేనే విన్నా. లేదమ్మా, నీ మీద ఎవరికేం కోపం ఉంటది. తెలుసే. నాకు తెలుసు."

తర్వాత రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నారు. అటువైపు మాట వింటున్నారో, ఏడుపు వింటున్నారో నాకు తెలియదు. "పెట్టేస్తన్నా మరి" అని ఫోను పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నారు. నాకు ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైంది. నా పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఆ సంతోషంతోనే ఆవిడ ముఖంలోకి చూసి, చూడలేక తల దించుకున్నాను.

"నా కూతురికి లేదని చెప్పా" అన్నారావిడ. "నీ కూతురి ఊపిరి ఇంక నీ పూచీ, అమ్మాయ్."

"అలాగేనండి" అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లారు. నేను మిషను ఎత్తుకెళ్లి వరండాలో పెట్టి, కిటికీలోంచి పైపు లోపలికి అందించుకున్నాను.